పోయిన సొమ్ము తిరిగి రాబట్టుకోవాలంటే: సివిల్‌లో ఏం అడగాలి, క్రిమినల్‌లో ఏం అడగాలి

డబ్బు పోగొట్టుకుని లీగల్ ఎయిడ్ ఆఫీసుకి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న, "స్టేషన్‌లో కేసు పెట్టాం, వాణ్ణి అరెస్టు కూడా చేశారు, మరి మా డబ్బులు ఎప్పుడిస్తారు?" అని. నేను అక్కడ పారాలీగల్ వాలంటీర్‌ని, లాయర్‌ని కాదు, కాగితాలు సర్దిపెట్టి ఎక్కడికి వెళ్ళాలో చెప్పే మనిషిని, అందుకే ఈ ప్రశ్నకి జవాబు మొత్తం ఒక్కచోట రాసి పెడదామనిపించింది. అసలు విషయం ఏంటంటే మోసం చేసినవాడికి శిక్ష పడటం వేరు, మీ సొమ్ము మీకు తిరిగి రావడం వేరు. వాడు జైలుకి వెళ్ళినా మీ డబ్బు రాకపోవచ్చు, వాడి మీద కేసు కొట్టేసినా మీ డబ్బు రావచ్చు. సొమ్ము కావాలంటే దాన్ని విడిగా, కాగితం మీద, గడువులోపల అడగాలి, వాడు ఆస్తులు అమ్మేసుకునేలోపు వాటిని ఆపించాలి. ఈ రెండు పనులూ ఎక్కడ ఎలా చేయాలో రాస్తున్నా, పూర్తిగా చదవండి, ఎందుకంటే సగం తెలిసి ఆగిపోయినవాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు.

ముందు ఇది ఏ కేసో తేల్చుకోండి

అప్పు తీసుకుని తిరిగి ఇవ్వకపోవడం దానంతట అదే నేరం కాదు. ఈ మాట చాలామందికి మింగుడు పడదు, కానీ చట్టం అంతే. చీటింగ్ కేసు నిలబడాలంటే, అంటే ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318(4), పాత 420, డబ్బు తీసుకునే రోజునే వాడి మనసులో ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. ఉదాహరణకి ప్లాట్ అమ్ముతానని జూన్‌లో మీ దగ్గర 5 లక్షలు అడ్వాన్సు తీసుకున్నాడు అనుకోండి, ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్, తీయిస్తే ఆ ప్లాట్ మార్చిలోనే ఇంకొకరికి రిజిస్టర్ అయిపోయిందని తేలింది, ఇది పక్కా చీటింగ్. అదే జూన్ నాటికి ప్లాట్ వాడి పేరు మీదే ఉండి, తర్వాత రేటు పెరిగిందని రిజిస్ట్రేషన్‌కి రాకుండా తిప్పుకుంటున్నాడంటే అది సివిల్ తగాదా, స్టేషన్‌లో ఎంత గట్టిగా మాట్లాడినా అది క్రిమినల్ అవ్వదు. కాబట్టి స్టేషన్‌కి వెళ్ళే ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో మీసేవలోనో ఈసీ తీసుకోండి, ఆ ఒక్క కాగితం మీ కేసు ఏ దారిన వెళ్ళాలో చాలావరకు చెప్పేస్తుంది. నమ్మి అప్పగించిన డబ్బో నగలో వాడేసుకుంటే అది నమ్మకద్రోహం, సెక్షన్ 316. చీటింగ్, నమ్మకద్రోహం రెండూ వేరువేరు, ఒకే లావాదేవీకి రెండు సెక్షన్లూ కలిపి పెట్టకూడదని సుప్రీంకోర్టు 2024లో మళ్ళీ చెప్పింది, కాబట్టి ఫిర్యాదులో ఏం జరిగిందో తేదీలతో సహా ఉన్నదున్నట్టు రాయండి, సెక్షన్ల సంగతి పోలీసులు చూసుకుంటారు.

ఇక స్టేషన్ పంచాయితీ గురించి. ఎఫ్‌ఐఆర్ కట్టకుండా ఇద్దర్నీ కూర్చోబెట్టి "నెలలో ఇచ్చేస్తాడు, రాసుకోండి" అనే సెటిల్‌మెంట్లు ఊరూరా జరుగుతున్నాయి. సివిల్ బాకీలు వసూలు చేయడం పోలీసుల పని కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అక్కడ రాసుకున్న కాగితానికి కోర్టు డిక్రీకి ఉన్న బలం ఉండదు. పైగా తెల్ల కాగితం మీద సంతకం మీరూ పెట్టకండి, ఎదుటివాడి చేత కూడా పెట్టించకండి, అలాంటి కాగితాన్ని బెదిరించి రాయించుకున్నారు అని రేపు వాడు తిప్పి కొడతాడు. నిజంగా నేరమే జరిగి కూడా ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఫిర్యాదుని ఎస్పీకి లేదా కమిషనరేట్ అయితే డీసీపీకి పోస్టులో పంపి, దానికీ కదలిక లేకపోతే ఆ రసీదులు పెట్టి అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయొచ్చు, బీఎన్‌ఎస్‌ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 173(4), 175(3) దానికే ఉన్నాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట, దయచేసి దీన్ని దాటేయకండి. మీరు స్టేషన్ చుట్టూ తిరుగుతున్నంత కాలం సివిల్ కోర్టు గడియారం ఆగదు. చేబదులు ఇచ్చిన డబ్బుకి దావా వేయడానికి ఇచ్చిన రోజు నుంచి 3 ఏళ్ళే గడువు. క్రిమినల్ కేసు నడుస్తోంది కదా అని కూర్చుంటే ఆ 3 ఏళ్ళూ అయిపోతాయి, తర్వాత ఆ కేసు కొట్టేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. రెండు కేసులూ ఒకేసారి నడపడానికి చట్టంలో అడ్డం లేదు. ఖర్చుకి భయపడి సివిల్ వైపు వదిలేసేవాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ళలో చాలామందికి ఉచిత లాయర్‌ వచ్చే అర్హత ఉంది. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, కార్మికులకి ఆదాయంతో పనిలేకుండా ఇస్తారు, మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా, మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళినా సరిపోతుంది.

ప్రోనోటు, చెల్లు, నోటీసు

మన దగ్గర బాకీల్లో ఎక్కువ భాగం ప్రోనోటు మీదే నడుస్తాయి కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా. ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి ఆ స్టాంపు మీదుగా సంతకం తీసుకోవాలి. స్టాంపు లేని ప్రోనోటు కోర్టులో సాక్ష్యంగా తీసుకోరు, వేరే కాగితాలకైతే పెనాల్టీ కట్టి సరిచేసుకునే వీలుంటుంది గానీ ప్రోనోటుకి ఆ వీలు కూడా లేదు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకి, రాసిన తేదీ నుంచి 3 ఏళ్ళు లెక్క. ఆ 3 ఏళ్ళు దాటకముందే వాడు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్ళీ కొత్తగా 3 ఏళ్ళు మొదలవుతాయి. చెల్లు ఎలా ఉండాలంటే, "ఈ నోటు తాలూకు బాకీలో ఈ రోజు రూ. 5,000 అక్షరాలా అయిదు వేల రూపాయలు మీకు చెల్లించి ఈ చెల్లు రాసి సంతకం చేశాను" అని, కింద తేదీ, వాడి సంతకం. మీరు మీ చేత్తో "5 వేలు ముట్టింది" అని రాసుకుంటే పనికిరాదు, బాకీ ఉన్నవాడి చేతిరాత లేదా సంతకం ఉండాలి, అది కూడా గడువు దాటకముందు. ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో వడ్డీ వేశాడు కదా అదే సాక్ష్యం అని చాలామంది ధీమాగా ఉంటున్నారు, డబ్బు వచ్చిందని చూపించడానికి అది పనికొస్తుంది గానీ గడువు పెంచడానికి దాన్నే నమ్ముకోకండి, సంతకం తీసుకోండి. గడువు దాటిపోయిన తర్వాత కూడా వాడు ఆ పాత బాకీ ఇస్తానని కాగితం రాసి సంతకం పెడితే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందం అవుతుంది, కానీ ఆ దశలో ఎవరు రాసిస్తారు చెప్పండి.

లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపించి డెలివరీ రిపోర్ట్ ప్రింట్ తీసి పెట్టుకోండి. నోటీసుకి వాడు జవాబిస్తే ఇంకా మంచిది, "బాకీ నిజమే కానీ ఇప్పుడు చేతిలో లేదు" అని రాసి సంతకం పెట్టినా అది ఒప్పుకోలు కింద లెక్కే. వడ్డీ విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోండి, నోటులో నూటికి మూడు రూపాయలని రాసుకున్నా కోర్టు అంతా ఇస్తుందని గ్యారంటీ లేదు, మరీ ఎక్కువనిపిస్తే తగ్గిస్తుంది, డిక్రీ తర్వాత కాలానికైతే వ్యాపార లావాదేవీ కాకపోతే ఏడాదికి 6 శాతం దాటదు.

దావా వేసేటప్పుడే ఆస్తిని ఆపించండి

డిక్రీ వచ్చేసరికి వాడి పేరు మీద సెంటు భూమి కూడా లేకపోవడం, ఇల్లు భార్య పేరు మీదకో బావమరిది పేరు మీదకో వెళ్ళిపోవడం, దీనివల్లే ఎక్కువ కేసులు కాగితం మీద గెలిచి చేతిలో ఓడిపోతున్నాయి. దీనికి మందు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38 రూల్ 5, తీర్పుకి ముందే జప్తు. దావాతో పాటే ఈ పిటిషన్ వేయాలి. అయితే "వాడు అమ్మేస్తాడేమో అని అనుమానం" అంటే కోర్టు వినదు. ఎవరితో బేరం నడుస్తోంది, ఏ రోజు ఎవరికి చూపించాడు, అమ్మకానికి పెట్టిన ప్రకటన ఫొటో, ఇప్పటికే ఒకటి రెండు ఆస్తులు బదిలీ చేసిన ఈసీ, ఇలాంటివి అఫిడవిట్‌లో పెట్టాలి. ఆస్తి వివరం సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులతో సహా షెడ్యూల్‌లో రాయాలి. ఆంధ్రాలో అయితే మీభూమిలో 1బీ, అడంగల్, తెలంగాణలో అయితే భూభారతిలో పాసుపుస్తకం వివరాలు తీసి జతచేయండి. అప్పులవాళ్ళకి దొరక్కుండా ముందే ఆస్తి రాసిచ్చేసి ఉంటే ఆ రిజిస్ట్రేషన్‌ని రద్దు చేయమని కూడా అడగొచ్చు, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53.

ప్లాట్ అడ్వాన్సు కేసుల్లో ఒక పెద్ద గొయ్యి ఉంది. చాలామంది "రిజిస్ట్రేషన్ చేయించండి" అని మాత్రమే దావా వేస్తారు. కోర్టు ఏదో కారణంతో రిజిస్ట్రేషన్ ఇవ్వకపోతే అడ్వాన్సు అయినా వెనక్కి ఇప్పిస్తుంది కదా అనుకుంటారు. ఇప్పించదు, అడగకపోతే ఇప్పించదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 22లో స్పష్టంగా ఉంది, అడ్వాన్సు వాపసు విడిగా అడిగితేనే ఇస్తారు. అడగడం మర్చిపోతే దావా నడుస్తుండగా ఏ దశలోనైనా సవరణ పిటిషన్ వేసి కలుపుకోవచ్చు, కాబట్టి ఇప్పుడు మీ కేసు నడుస్తుంటే ఈ రోజే మీ లాయర్‌ని "ప్లెయింట్‌లో రిఫండ్ ప్రేయర్ ఉందా", అంటే దావా కాగితంలో అడ్వాన్సు వాపసు కూడా అడిగారా, అని అడగండి. ఇంకా ఒకటి, మీ తప్పు లేకుండా అమ్మకం ఆగిపోతే మీరిచ్చిన డబ్బుకి ఆ ఆస్తి మీదే హక్కు ఉంటుంది, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55(6)(బి), దాన్ని కూడా దావాలో రాయించండి, అప్పుడు ఆ ఆస్తిని అమ్మించి మీ డబ్బు తీసుకునే దారి ఉంటుంది. బిల్డర్ ప్రాజెక్టు అయితే సివిల్ కోర్టు కంటే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, మేలు, రెరా చట్టం సెక్షన్ 18 కింద గడువుకి ఇవ్వకపోతే కట్టిన డబ్బు వడ్డీతో సహా వాపసు అడగొచ్చు, కట్టకపోతే శిస్తు బకాయిలాగా రెవెన్యూ రికవరీ పెడతారు.

డిక్రీ వచ్చాక పని మొదలవుతుంది అనుకోండి, అయిపోయింది అనుకోకండి. ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, 12 ఏళ్ళలోపు ఎప్పుడైనా వేయొచ్చు గానీ వెంటనే వేయడమే మంచిది. బ్యాంకు అకౌంట్, జీతం, వాడికి ఇంకొకరి నుంచి రావాల్సిన డబ్బు, ఇల్లు, పొలం అన్నీ జప్తు అడగొచ్చు. జీతంలో మాత్రం మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోనివ్వరు. రైతు తాను ఉంటున్న సొంత ఇల్లు, సాగు పనిముట్లు, చేతివృత్తులవాళ్ళ పనిముట్లు కూడా జప్తు కావు. సివిల్ జైలుకి పంపమని అడగాలంటే వాడి దగ్గర డబ్బుండి ఎగ్గొడుతున్నాడని మీరు నిరూపించాలి, నిజంగా లేనివాణ్ణి పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది, ఆడవాళ్ళని డబ్బు డిక్రీలో అరెస్టు చేయరు. ఈపీలు ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, మీది ఏళ్ళుగా నడుస్తుంటే ఆ తీర్పు చూపించి త్వరగా వినమని అడగొచ్చు.

ఐపీ, అంటే దివాలా పిటిషన్, నోటీసు వస్తే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. "వాడు ఐపీ పెట్టాడంట, ఇంకేం వస్తుంది" అని. అది తప్పు. ఐపీ పెట్టినంత మాత్రాన దివాలా అయిపోయినట్టు కాదు, కోర్టు ఆ పిటిషన్ని విచారించాలి, మీరు కౌంటర్ వేయాలి. ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్ళలో వాడు ఎవరికి ఏం రాసిచ్చాడో ఈసీలు తీయండి. నిజాయితీగా, సరైన డబ్బు తీసుకుని చేసిన అమ్మకం కాకపోతే దాన్ని కొట్టేయించి ఆ ఆస్తిని అప్పు ఇచ్చినవాళ్ళందరికీ పంచేలా చేయొచ్చు, ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం సెక్షన్ 53. బాకీ రావాల్సినవాళ్ళు పదిమంది కలిసి ఒకే లాయర్‌ని పెట్టుకుంటే ఖర్చు కూడా తగ్గుతుంది, చిట్టీలు వేసి ఐపీ పెట్టినవాళ్ళ విషయంలో ఇది బాగా పనికొస్తుంది.

చెక్కు ఉంటే తేదీలు రాసి గోడకి అంటించుకోండి

చెక్కు మీద తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. చెక్కు చెల్లకపోతే బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో మీకు అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక వాడికి 15 రోజులు టైమ్, ఆ 15 రోజులూ అయ్యాక ఒక నెలలోపు కోర్టులో కంప్లయింట్ వేయాలి, మీ అకౌంట్ ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉంటే ఆ కోర్టులో. ఇందులో ఒక్క తేదీ తప్పినా మొత్తం కేసు ఇబ్బందుల్లో పడుతుంది. శిక్ష రెండేళ్ళ వరకు, జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు ఉంటుంది, ఆ జరిమానాలోంచి మీకు పరిహారం ఇప్పించొచ్చు. ఈలోపు కూడా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 143ఏ కింద చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం అడిగే పిటిషన్ ఉంది, ఇవ్వడం జడ్జి ఇష్టం, కానీ అడగనివాళ్ళకి అసలే రాదు. వాడు ఓడిపోయి అప్పీల్‌కి వెళ్తే కింది కోర్టు వేసిన మొత్తంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమని పై కోర్టు ఆదేశించొచ్చు, సెక్షన్ 148, దాన్ని కూడా మీ వైపు నుంచి అడగండి. చెక్కు కేసు వేశాం కదా అని దావా మానేయకండి, 3 ఏళ్ళ లెక్క దీనికీ ఉంది.

దొంగతనంలో పోయిన నగలు

నగలు పోయినప్పుడు ఫిర్యాదులో "సుమారు 10 తులాల బంగారం" అని రాస్తే తర్వాత తలనొప్పి. ఒక్కో వస్తువుకి ఒక్కో లైను రాయండి, నల్లపూసల గొలుసు, ఎన్ని గ్రాములు, ఎన్ని వరసలు, లాకెట్ మీద ఏ బొమ్మ, కొక్కెం దగ్గర అతుకు ఉందా, పుస్తెల వెనక అక్షరాలు చెక్కి ఉన్నాయా, గాజు ఒక పక్క సొట్ట పడి ఉందా. బిల్లు లేకపోయినా పర్లేదు, పెళ్ళి ఫొటోలో ఆ నగ వేసుకుని ఉన్న ఫొటో పెద్దది చేయించి ఇవ్వండి, కంసాలి దగ్గర చేయించుకుంటే ఆయన స్టేట్‌మెంట్ పనికొస్తుంది. రికవరీ అయ్యాక మీ నగని మీరే గుర్తుపట్టాలి, అప్పుడు ఈ సొట్టలు, అతుకులే మిమ్మల్ని కాపాడతాయి.

రికవరీ అయిన సొత్తు కేసు అయిపోయేదాకా స్టేషన్‌లోనో కోర్టులోనో పడి ఉండాలని రూల్ లేదు. ఇంటరిమ్ కస్టడీ పిటిషన్, అంటే కేసు తేలేదాకా సొత్తు మీ దగ్గరే ఉంచమని అడిగేది, వేసి తెచ్చుకోవచ్చు, పాత చట్టంలో 451, 457 అనేవాళ్ళు, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 497, 503. సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, ఫొటోలు తీసి పంచనామా రాసి బాండ్ తీసుకుని సొంతదారుకి త్వరగా ఇచ్చేయాలి, స్టేషన్లలో 15 రోజుల నుంచి నెలకి మించి పెట్టుకోకూడదు అని. కొత్త చట్టం ఇంకొంచెం ముందుకెళ్ళింది, సొత్తు కోర్టు ముందుకి వచ్చిన 14 రోజుల్లో వివరం రాసి ఫొటో, వీడియో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చేయాలో ఆర్డర్ ఇవ్వాలి. పిటిషన్‌తో పాటు ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆధార్, బిల్లులు లేదా ఫొటోలు, జామీనుదారు కాగితాలు పెట్టుకోండి. దొంగ ఆ నగల్ని తాకట్టు కొట్లో పెట్టి ఉంటే ఆ కొట్టువాడు అభ్యంతరం పెట్టొచ్చు, కానీ దొంగకే లేని హక్కు తాకట్టు పెట్టుకున్నవాడికి రాదు, భయపడకుండా పిటిషన్ నడపండి. కరిగించేసి బంగారం ముద్దగా దొరికితే మాత్రం ఎవరిది ఎంత అనే లెక్క కోర్టు తేల్చాలి, అప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో రాసిన బరువులు చాలా ముఖ్యం.

చీటింగ్ కేసులో మీ డబ్బు కోసం అడగాల్సిన మూడు చోట్లు

మొదటిది దర్యాప్తు దశ. మీ డబ్బుతో వాడు కొన్న కారు, ఫ్లాట్, వేసిన ఎఫ్‌డీ మీకు తెలిస్తే రాతపూర్వకంగా దర్యాప్తు అధికారికి ఇవ్వండి, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 106 కింద అకౌంట్లు ఆపమని, సెక్షన్ 107 కింద జప్తుకి కోర్టుని అడగమని కోరండి. 107 కొత్తగా వచ్చింది, నేరం సొమ్ముతో కొన్న ఆస్తిని జప్తు చేసి కలెక్టర్ ద్వారా 60 రోజుల్లో బాధితులకి వాటాల ప్రకారం పంచే ఏర్పాటు. ఎస్పీ అనుమతితో దర్యాప్తు అధికారే అడగాలి కాబట్టి మీరు నోటితో కాకుండా కాగితంతో వెంటపడాలి.

రెండోది రాజీ. కోర్టు అనుమతితో చీటింగ్ కేసు రాజీ చేసుకోవచ్చు. ఇక్కడ చాలామంది మోసపోయేది వాయిదాల మీద రాజీకి ఒప్పుకుని జాయింట్ మెమో, అంటే ఇద్దరూ కలిసి కోర్టుకి ఇచ్చే రాజీ కాగితం, మీద ముందే సంతకం పెట్టేసి. డబ్బు అకౌంట్‌లో పడ్డాకే సంతకం పెట్టండి. వాయిదాలు తప్పదు అంటే లోక్ అదాలత్‌లో పెట్టించి అవార్డు తీసుకోండి, ఏ తేదీకి ఎంత, ఒక వాయిదా తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలి అని అందులో రాయించండి. ఆ అవార్డు సివిల్ డిక్రీతో సమానం, అప్పీల్ లేదు, ఎగ్గొడితే నేరుగా ఈపీ వేయొచ్చు. చెక్కు కేసులో వచ్చిన లోక్ అదాలత్ అవార్డుకి కూడా ఇదే బలం ఉందని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. సివిల్ దావాని లోక్ అదాలత్‌లో తేల్చుకుంటే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు కూడా. బెయిల్ టైమ్‌లో డబ్బు కట్టిస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి, బెయిల్ కోర్టుని వసూలు కేంద్రంగా వాడకూడదని 2023లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

మూడోది శిక్ష వేసే రోజు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 395 కింద, పాత 357, జరిమానాలోంచి మీకు ఇప్పించొచ్చు, జరిమానా లేకపోయినా విడిగా పరిహారం వేయొచ్చు. ప్రతి కేసులో జడ్జి పరిహారం సంగతి ఆలోచించాలి, ఇవ్వకపోతే కారణం రాయాలి అని 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాదనలు అయిపోయే ముందే ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) గారి ద్వారా మీ నష్టం లెక్క, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి మెమో వేయించండి. చాలా కేసుల్లో బాధితుడు సాక్ష్యం చెప్పి ఇంటికెళ్ళిపోతాడు, తీర్పు రోజు కోర్టులో ఉండడు, అందుకే ఈ సెక్షన్ కాగితానికే పరిమితమైపోతోంది. పరిహారం తక్కువ వేశారనిపిస్తే బాధితుడిగా అప్పీల్ చేసే హక్కు మీకుంది, సెక్షన్ 413. జరిమానాలోంచి ఇచ్చే డబ్బు అప్పీల్ గడువు అయ్యేదాకా చేతికి రాదు, ఇక్కడ వచ్చింది తర్వాత సివిల్ దావాలో మినహాయిస్తారు. సెక్షన్ 396 కింద ప్రభుత్వ నిధి నుంచి ఇచ్చే పరిహారం వేరే, అది యాసిడ్ దాడి, అత్యాచారం, ప్రాణనష్టం, గాయాల లాంటి కేసులకి ఉద్దేశించింది, నిందితుడు దొరక్కపోయినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అప్లై చేయొచ్చు.

ఆన్‌లైన్‌లో పోతే

మొదటి గంటలోనే 1930కి ఫోన్ చేయండి, తర్వాత సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేసి అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు రాసుకోండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి నిమిషాల్లో మారిపోతుంది, ఎక్కడ దొరికితే అక్కడ ఆపుతారు, ఆగినంతే మీకు వెనక్కి వచ్చే అవకాశం. ఆగిన డబ్బు దానంతట అది రాదు, సాధారణంగా మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద పిటిషన్ వేసి, బాండ్ రాసిచ్చి, బ్యాంకుకి ఆర్డర్ పంపించుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీల దగ్గర గుర్తు పెట్టి, యూటీఆర్ నంబర్లు, అంటే ఒక్కో లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబర్లు, ఒక కాగితం మీద రాసి జతచేయండి. తెలంగాణలో 2024 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో, లీగల్ సర్వీసెస్ అథారిటీ కలిసి ఇలాంటి పిటిషన్లని లోక్ అదాలత్‌లలో పెద్దసంఖ్యలో తేలుస్తున్నాయి, మీ స్టేషన్‌లో రాబోయే లోక్ అదాలత్ లిస్టులో మీ కేసు పెట్టమని అడగండి. బ్యాంకుకి కూడా అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి, ఆర్‌బీఐ 2017 జూలై సర్క్యులర్ ప్రకారం మీ తప్పు లేకుండా పోతే 3 పనిరోజుల్లో చెప్పినవాళ్ళకి నష్టం పడదు, మీరే ఓటీపీ చెప్పేసినా బ్యాంకుకి తెలిపిన తర్వాత పోయినదానికి బ్యాంకుదే బాధ్యత.

పొరపాటున వేరే నంబరుకి పంపేస్తే అది మోసం కేసు కాదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 72 ప్రకారం పొరపాటున వచ్చిన డబ్బు తిరిగి ఇచ్చేయాల్సిందే, ముందు మీ బ్యాంకులో కంప్లయింట్ వేయండి, తెలిసీ ఇవ్వనంటే నోటీసు ఇచ్చి దావాకి వెళ్ళొచ్చు, దుర్బుద్ధితో వాడేసుకుంటే న్యాయ సంహితలో 314 కూడా ఉంది.

డిపాజిట్ కంపెనీలు మునిగినప్పుడు ఒంటరిగా దావా వేయడం కంటే 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద నడిచే ప్రత్యేక కోర్టు, సీఐడీ దగ్గర మీ క్లెయిమ్ నమోదు చేయించుకోవడం ముఖ్యం. అగ్రిగోల్డ్ విషయంలో ఆంధ్రా ప్రభుత్వం 2019లో 10 వేల లోపు డిపాజిట్లకి చెల్లింపులు మొదలుపెట్టినప్పుడు బాండ్, రసీదులు జాగ్రత్తగా పెట్టుకున్నవాళ్ళకి పని తేలికైంది. ఈడీ జప్తు చేసిన ఆస్తుల్ని కూడా మనీ లాండరింగ్ చట్టం సెక్షన్ 8(8) కింద బాధితులకి తిరిగి మళ్ళించే వీలుంది, 2025లో అగ్రిగోల్డ్ ఆస్తుల్ని అలాగే వెనక్కి ఇచ్చారు.

ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తానంటే ఇచ్చిన డబ్బు గురించి అడిగేవాళ్ళు చాలామంది. నిజం చెప్పాలంటే సివిల్ దావాలో ఇలాంటి డబ్బుకి కోర్టు సాధారణంగా సాయం చేయదు, లంచం కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు, ఇచ్చినవాడికీ అందులో పాత్ర ఉందంటుంది. చీటింగ్ కేసు మాత్రం పెట్టొచ్చు, కానీ ఫిర్యాదు రాసే ముందు తప్పకుండా లాయర్‌తో మాట్లాడండి, ఎందుకంటే లంచం ఇవ్వడం కూడా నేరమే.

అప్పీల్‌లో గెలిచినవాళ్ళకి

కింది కోర్టులో ఓడిపోయి డబ్బు కట్టేశారు, లేదా ఇల్లు ఖాళీ చేశారు, తర్వాత అప్పీల్‌లో గెలిచారు. ఇప్పుడు మళ్ళీ కొత్త దావా వేయాలా అంటే అక్కర్లేదు, వేయకూడదు కూడా. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 144 కింద మొదట డిక్రీ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేస్తే, ఆ డిక్రీ లేకపోయుంటే మీరు ఎక్కడ ఉండేవారో అక్కడికి కోర్టు మిమ్మల్ని తిరిగి తీసుకొస్తుంది. కట్టిన డబ్బే కాదు, ఆ కాలానికి వడ్డీ, ఇల్లు వాళ్ళ చేతిలో ఉన్నన్నాళ్ళ అద్దె నష్టం కూడా అడగండి. ఇది తెలియక అసలు మాత్రమే తెచ్చుకుని వడ్డీ వదిలేసేవాళ్ళు ఉన్నారు.

డబ్బు చేతికొచ్చాక కూడా రెండు మూడు పనులుంటాయి. ఈపీలో వచ్చి ఉంటే పూర్తిగా ముట్టిందని మెమో వేయాలి, ప్రోనోటు బాకీ బయట తీర్చితే నోటు మీద పూర్తి చెల్లు రాసి ఒరిజినల్ వాడికి ఇచ్చేసి ఒక ఫొటో మీ దగ్గర పెట్టుకోండి. ఇంటరిమ్ కస్టడీలో తెచ్చుకున్న నగల్ని కేసు నడిచినంత కాలం అమ్మకూడదు, కరిగించకూడదు, తాకట్టు పెట్టకూడదు, కోర్టు పిలిస్తే అవే నగలు అలాగే చూపించాలి. తీర్పులో చివర్లో సొత్తు గురించి ఒక లైను ఉంటుంది, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 498 కింద, అందులో ఇంటరిమ్ కస్టడీని పూర్తిగా మీకే ఖాయం చేస్తున్నట్టు రాశారో లేదో సర్టిఫైడ్ కాపీ తీసుకుని చూసుకోండి. లేకపోతే అదే కోర్టులో చిన్న పిటిషన్ వేసి ఆర్డర్ తీసుకుని, అప్పీల్ గడువు అయ్యాక మీ బాండ్, జామీను రద్దు చేయించుకుంటే అప్పటికి ఆ నగలు పూర్తిగా మీవి.